సగం మిగిలిన నల్ల సూపు

"నాడా ఏది?" అంది కలీనా.

"ఏ నాడా?" అన్నాడు ఆ అబ్బాయి, కౌంటర్ మీద పెట్టిన తన కోటుని తనే కొత్తగా చూస్తూ.

"మెడ వెనక ఉండాల్సింది. అది లేకుండా కొక్కేనికి దేంతో తగిలించమంటారు?"

"తెగిపోయింది."

"తెగితే కుట్టించుకోవాలి. ఇంట్లో అమ్మ లేదా?"

"ఉంది, జామొష్చ్‌లో. నాడా కోసం దేశం ఆ చివరికి వెళ్ళి రమ్మంటారా?"

వెనక క్యూలో ఒకావిడ గట్టిగా నిట్టూర్చింది. మా పోజ్నాన్ ఒపేరా హాల్లో కోటుతో లోపలికి అడుగు పెట్టనివ్వరు. నాడా లేని కోటుని కౌంటర్లో తీసుకోరు. పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా ఆ కౌంటర్ ముందు తల దించుకుని నిలబడాల్సిందే.

కలీనా కోటు లాక్కుని ఇత్తడి టోకెన్ అతని చేతిలో పడేసింది. "ఈ ఒక్కసారికి," అంది.

ఆట అయిపోయి అతను తిరిగొచ్చేసరికి కోటు మెడ వెనక నీలం రంగు నాడా ఒకటి కుట్టి ఉంది. కుట్లు దగ్గర దగ్గరగా, గట్టిగా ఉన్నాయి.

"ఎక్కడిదిది?" అన్నాడు.

"నా ఏప్రన్ తాడులోంచి కత్తిరించా. ఇప్పుడు నాకు వెనక ముడి పడట్లేదు. మీ పుణ్యమే."

"కొత్త ఏప్రన్ కొనివ్వనా?"

"అక్కర్లేదు. ఈసారి వచ్చినప్పుడు నాడాతో రండి, చాలు."

అతను మర్నాడే వచ్చాడు. కోటు విప్పి ఇచ్చి, టోకెన్ తీసుకుని, హాల్లోకి వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాడు.

"టికెట్ లేదా?" అంది కలీనా.

"లేదు. నాడా ఆగుతుందో లేదో చూసి వెళ్దామని."

కలీనా కోటుల వెనక్కి వెళ్ళి, నవ్వు అయ్యాక బయటికి వచ్చింది. అతని పేరు తిమోన్. ట్రామ్ షెడ్డులో ఎలక్ట్రీషియన్. ఊళ్ళో అతనికి ఒక అద్దెగది, ఆ గదిలో సరిగ్గా వెలగని పొయ్యి తప్ప ఇంకేమీ లేవు. కలీనా పగలు నర్సింగ్ చదువుతూ సాయంత్రాలు కోట్లు తగిలించేది. ఇద్దరికీ తీరిక దొరికేది ఆదివారం ఒక్కరోజే.

ఆ చలికాలమంతా వాళ్ళు నడిచారు. కూర్చోవాలంటే ఎక్కడైనా ఏదో ఒకటి కొనాలి, నడకకి ఖర్చు లేదు. ఖర్చు లేని పని అంటే మా ఊరివాళ్ళకి మొదటినుంచీ గౌరవమే. ఒపేరా దగ్గర బయల్దేరి, పాత కోట పక్కనుంచి, సంత చౌకులో పావురాల మధ్యనుంచి వర్తా నది దాకా వెళ్ళేవాళ్ళు. వేళ్ళు కొంకర్లు పోతే ఒకే ఒక్క కప్పు బీట్‌రూట్ చారు కొనుక్కుని, ఆ కప్పుని ఇద్దరూ నాలుగు చేతులతో పట్టుకునేవాళ్ళు. తాగడం మాత్రం మర్చిపోయేవాళ్ళు.

చర్చి దీవికి పోయే వంతెన మీద ఒకరోజు తిమోన్ ఆగిపోయాడు.

"ఈ చలికి 'మీరు' అనడానికి నోరు తిరగట్లేదు. 'నువ్వు' అనొచ్చా?"

"నేను మనసులో ఎప్పట్నుంచో అంటూనే ఉన్నాగా," అంది కలీనా.

ఆ మాటకి అతని చెవులు ఎర్రబడ్డాయి. చలికే అన్నాడు. కలీనా నమ్మినట్టు నటించింది.

మరుసటి ఏడాది మార్టిన్ పండుగకి కలీనా అతన్ని ఇంటికి భోజనానికి పిలిచింది. నవంబర్ పదకొండున మా ఊళ్ళో ఎవరూ పరాయివాళ్ళని పిలవరు, కాబట్టి పిలుపుకి అర్థం ఏమిటో అందరికీ తెలుసు. తిమోన్ గడ్డం గీసుకుని, మెడ దగ్గర కాస్త కోసుకుని, సరిసంఖ్య పూలు చావింటికి కాబట్టి తనవి బేసిసంఖ్యలోనే ఉన్నాయో లేదో ట్రామ్‌లో రెండుసార్లు చూసుకుని, యెజిత్సే పేటలో వాళ్ళ తలుపు తట్టాడు.

ఇంట్లో ఉండేది ముగ్గురు. సంతలో ఆలుగడ్డలు అమ్మే కలీనా నాన్న జెనోన్. ఆయన తల్లి, పెలాగియా బామ్మ. కలీనా. తల్లి చిన్నప్పుడే పోయింది. వచ్చినవాడి కాళ్ళకి ఇంటి చెప్పులు ఇచ్చారు, ఒక సైజు చిన్నవి. బామ్మ అతని బుగ్గలు రెండూ పట్టుకుని చూసింది.

"చిక్కిపోయావు నాయనా. ఆ ట్రాముల్లో నీకు తిండి పెట్టరా?"

జెనోన్ మాత్రం పెద్దగా మాట్లాడలేదు. ఆయన సంతలో కూడా అంతే. ధర ఒక్కసారే చెబుతాడు, కొంటే కొంటారు, లేకపోతే పోతారు.

అందరూ బల్ల చుట్టూ కూర్చున్నాక తిమోన్ గొంతు సవరించుకున్నాడు. రాత్రంతా సాధన చేసిన మాట అది.

"జెనోన్ గారూ, కలీనా విషయం మీతో మాట్లాడాలని..."

"మాటలు తర్వాత," అన్నాడు జెనోన్. "ముందు సూపు."

బామ్మ వంటింట్లోంచి గిన్నె పట్టుకొచ్చి అతని ముందు పెట్టింది. సూపు నల్లగా ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వెనకటి రోజుల్లో జమీందారీ ఇళ్ళలో పిల్లని అడగడానికి వచ్చినవాడికి "ఇవ్వం" అని నోటితో చెప్పేవారు కాదు. బాతు రక్తంతో కాచిన నల్ల సూపు ముందు పెట్టేవారు. వాడు గిన్నెలోకి చూసి, మారుమాట్లాడకుండా గుర్రమెక్కి వెళ్ళిపోయేవాడు. ఈ దేశంలో బడికి పోయిన ప్రతివాళ్ళూ ఇది చదువుతారు, పరీక్షలో రాస్తారు. అయితే తిమోన్ వాళ్ళ వైపు ఆ సూపు పాఠంలో మాత్రమే ఉంటుంది. మా వైపు గిన్నెలో ఉంటుంది. ఎండు పళ్ళు, నూడుల్స్ వేసి, కాస్త వెనిగర్ పోసి పండగ పూట ఇష్టంగా తింటాం. చేయడం పెద్ద పని కాబట్టి, కావలసినవాళ్ళు వస్తేనే చేస్తాం.

తిమోన్ గిన్నెలోకి చూశాడు. తల ఎత్తి జెనోన్‌ని చూశాడు. జెనోన్ వంచిన తల ఎత్తకుండా తింటున్నాడు. కలీనా కూడా తింటోంది, పైగా అతన్ని చూసి నవ్వింది. ఆమె నవ్వడం అతనికి అన్నిటికన్నా కష్టంగా అనిపించింది.

మర్యాద కోసం సగం గిన్నె తిన్నాడు. ఆ తర్వాత చెంచా పక్కన పెట్టేశాడు.

"నాకు డ్యూటీ ఉంది. వెళ్ళాలి."

"ఇవాళా? బాతు ఇంకా పొయ్యిలో ఉంది నాయనా," అంది బామ్మ.

"క్షమించండి బామ్మగారూ."

కలీనా ట్రామ్ స్టాపు దాకా వెంట వచ్చింది. మంచు కాదు, వాన కాదు, ఆ రెంటికీ మధ్య ఏదో కురుస్తోంది.

"ఏమైంది తిమోన్?"

"ఏం లేదు. నాకు అర్థమైంది. నువ్వేం బాధపడకు."

ట్రామ్ వచ్చింది, అతను ఎక్కేశాడు. కిటికీ అద్దం మీద ఆవిరి పట్టి ఉండటంతో మొహం కనిపించలేదు. స్టాపులో నిలబడి కలీనా ఆ మాటని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది. రెండు గదుల ఇల్లు, ముసలి నానమ్మ, మాట్లాడని నాన్న. ఇవన్నీ చూశాడు, తన మీద పడబోయే బరువు అర్థమైంది, అడగడానికి వచ్చిన మాట అడగకుండానే వెళ్ళిపోయాడు. ఆమెకి అలా అర్థమైంది.

వారం రోజులు కౌంటర్లో ప్రతి కోటు మెడ వెనకా చూసింది. ఆ తర్వాత పౌరుషం చంపుకుని ట్రామ్ షెడ్డుకి వెళ్ళింది. తిమోన్ ష్చెచిన్‌కి బదిలీ అడిగి తీసుకున్నాడనీ, వెళ్ళిపోయాడనీ చెప్పారు. ఇద్దరిలో ఎవరో ఒకరు ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. పౌరుషం ఉన్నవాళ్ళకి ఒక్క ప్రశ్న అడగడం చాలా కష్టం.

మూడేళ్ళు గడిచాయి.

పాత ట్రామ్ మోటారు ఒకటి చూసి రమ్మని ష్చెచిన్ షెడ్డువాళ్ళు తిమోన్‌ని పోజ్నాన్ పంపారు. అతను దిగిన మర్నాడే పండుగ. షెడ్డు మూసేశారు. చేసేదేమీ లేక ఊరి మీద పడ్డాడు. యెజిత్సే వైపు వెళ్ళకూడదని గట్టిగా అనుకున్నాడు. కాళ్ళు మాత్రం అటే వెళ్ళాయి. చివరికి సంత పక్కన రొట్టెల దుకాణం ముందు క్యూలో తేలాడు. ఆ రోజు ఊరు ఊరంతా తెల్ల గసగసాల ముద్ద నింపిన మార్టిన్ రొట్టెల కోసం నిలబడుతుంది, కాబట్టి అందులో వింత లేదు.

"నాడా తెగింది," అంది వెనకనుంచి ఒక గొంతు.

తిమోన్ వెంటనే తిరగలేదు. తిరిగితే ఆ గొంతు వేరే ఎవరిదో అవుతుందేమోనని భయం వేసింది.

"తెగి ఆర్నెల్లయింది," అన్నాడు అటే చూస్తూ, కాలరు మీదికి వేలాడుతున్న నాడా కొసని లోపలికి తోసుకుంటూ.

"కుట్టించుకోవాల్సింది."

"కుట్టేవాళ్ళు దొరకలేదు."

"ష్చెచిన్‌లో సూదులు అమ్మరా?"

అప్పుడు తిరిగాడు. కలీనా ఊలు టోపీ కళ్ళ దాకా లాక్కుని ఉంది. ముక్కు ఎర్రగా ఉంది. కాస్త సన్నబడింది. ఆమె ఎదురైతే ఏం చెప్పాలో ఎన్నోసార్లు ఊహించుకున్నాడు గానీ ఇప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు.

"పెళ్ళయిందా?" అని మాత్రం నోట్లోంచి వచ్చింది.

"అయితే ఈ చలిలో క్యూలో నేనెందుకుంటా? వాణ్ణే నిలబెట్టేదాన్ని."

ముందున్న ముసలాయన వెనక్కి తిరిగి, "మాటలు కానీండి, క్యూ మాత్రం కదలండి," అన్నాడు.

రొట్టెల సంచీ పట్టుకుని బయటికి వచ్చారు. ఎటు వెళ్దామని ఎవరూ అనలేదు. పాత దారినే నడిచారు. ఒపేరా మెట్ల ముందు కలీనా, తను ఇప్పుడు పిల్లల డాక్టర్ దగ్గర నర్సుగా ఉన్నానని చెప్పింది. కోట పక్కన ఊరేగింపు పోతోంది. తెల్లగుర్రం మీద మార్టిన్ వేషగాడు చలికి వణుకుతూ జనానికి చెయ్యి ఊపుతున్నాడు. పక్కన గుంపు తోస్తే ఇద్దరి భుజాలూ తగిలాయి, ఇద్దరూ సారీ చెప్పుకున్నారు. ఒకప్పుడు ఒకే కప్పు పట్టుకున్న మనుషులు అలా సారీ చెప్పుకోవడం తిమోన్‌కి బాధనిపించింది.

"నానమ్మ పోయింది," అంది కలీనా, సంత చౌకు దాటాక. "పోయిన చలికాలం."

తిమోన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "నాకు తెలీదు."

"నీకెలా తెలుస్తుంది? టోపీ పెట్టుకో, చెవులు ఊడతాయి."

వంతెన మీదికి వచ్చేసరికి గాలి ఎక్కువైంది. వర్తా నది ఒడ్డు పొడవునా పలచగా మంచు కట్టింది. కలీనా కమ్మీ మీద చేతులు ఆనించి, నీళ్ళవైపు చూస్తూ అడిగింది.

"తిమోన్, ఒక్కటి చెప్పు. నిజం చెప్పు, నేనేమీ అనుకోను. మా ఇంట్లో నీకు ఏం నచ్చలేదు?"

"నాకు నచ్చకపోవడమేంటి? మీకు కదా నేను నచ్చంది."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. సూపు పోశారుగా."

"ఏ సూపు?"

"నల్ల సూపు. నేను నీ మాట ఎత్తానో లేదో, మీ నాన్న ఆపి అది తెప్పించారు. నేను మాత్రం బడికి వెళ్ళలేదా కలీనా?"

కలీనా అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కమ్మీ పట్టుకుని వంగి వంగి నవ్వింది. తిమోన్ కూడా ఏం అర్థం కాకుండానే నవ్వబోయాడు. అంతలో ఆమె ఏడుస్తోందని తెలిసింది.

"అది మా నానమ్మ చేసే సూపు. మా ఇంట్లో ప్రతి పండక్కీ అదే. ఆ పాఠం నేనూ చదివాను, పరీక్షా రాశాను, ఇంటికొచ్చి అదే సూపు తిన్నాను. ఆ రెండూ ఒకటేనని నాకెప్పుడూ తట్టనే లేదు."

"అంటే..."

"అంటే ఏముంది. నీకోసం బాతుని ముందే చెప్పి తెప్పించింది. రెండు రోజులు పొయ్యి దగ్గరే ఉంది. నువ్వు సగం వదిలేసి పోయావు. వెనిగర్ ఎక్కువైందే పిల్లా, అందుకే ఆ అబ్బాయి తినలేకపోయాడు అని పోయేదాకా అదే మాట. మళ్ళీ ఆ సూపు చెయ్యలేదు తెలుసా? నా చెయ్యి తప్పింది అనేది."

తిమోన్ కమ్మీకి ఆనుకున్నాడు. మూడేళ్ళూ తనకి జరిగిన అవమానాన్ని జాగ్రత్తగా దాచుకున్నాడు. ష్చెచిన్‌లో ఒంటరిగా తిన్న ప్రతి భోజనంలోనూ దాన్ని తలచుకున్నాడు. ఇప్పుడు చూస్తే అసలు అవమానమే లేదు. ఒక ముసలావిడ తన వంటని తనే తప్పుపట్టుకుంటూ పోవడం మాత్రం మిగిలింది. ఆమెకి క్షమాపణ చెప్పే దారి లేదు.

"బాగుంది కలీనా," అన్నాడు చివరికి. "ఆ సూపు చాలా బాగుంది."

"ఆ మాట ఆవిడకి చెప్పాల్సింది."

"అవును."

"నన్నైనా అడగాల్సింది. స్టాపులో నిలబడి అడిగాను కదా ఏమైందని. 'అర్థమైంది' అన్నావు. ఏం అర్థమైంది నీకు?"

కలీనా చేతి తొడుగుతో కళ్ళు తుడుచుకుంది, తర్వాత సంచీలోంచి రొట్టె ఒకటి తీసి రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క తను ఉంచుకుంది.

"పద," అంది. "ఇవాళ ఆ సూపు నేను మొదటిసారి చేశాను, నాన్న గొడవ పడలేక. ఎలా వచ్చిందో నాకే తెలీదు. నువ్వు వచ్చి పూర్తిగా తిని వెళ్ళు. ఆవిడకి బాకీ ఉన్నావు."

"ఆ తర్వాత?"

"తర్వాత సంగతి నేనేం చెప్పలేదు."

జెనోన్ తలుపు తీసి, తిమోన్‌ని కింద నుంచి పైదాకా చూసి, అవే ఇంటి చెప్పులు కాళ్ళ ముందు పడేశాడు. ఇప్పటికీ అవి ఒక సైజు చిన్నవే. బల్ల దగ్గర బామ్మ కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద ఆమె శాలువా మడిచి పెట్టి ఉంది.

కలీనా వడ్డిస్తూనే వంతెన మీది సంగతంతా నాన్నకి చెప్పేసింది. ఆయన చెంచా చేత్తో పట్టుకుని ఆఖరిదాకా విన్నాడు.

"అయితే మేం వద్దన్నామనుకున్నావు," అన్నాడు తిమోన్‌తో.

"అవునండీ."

"నన్ను చూడు బాబూ. నేను ఆలుగడ్డలు అమ్ముకునేవాణ్ణి. వద్దనుకుంటే వద్దంటాను, దానికి ఒక్క మాట చాలు. వద్దని చెప్పడానికి ఎవడైనా ఒక బాతుని ఖర్చు పెడతాడా?"

తిమోన్ తల దించుకుని చెంచా ముంచాడు. సూపులో వెనిగర్ నిజంగానే ఎక్కువైంది. నూడుల్స్ ముద్దకట్టాయి. గిన్నె అడుగు కనిపించేదాకా తిన్నాడు. ఎవరూ అడగకుండానే గిన్నె మళ్ళీ ముందుకి జరిపాడు. కలీనా రెండోసారి వడ్డిస్తూ అటు తిరిగి ఉంది, మొహం కనిపించలేదు. రెండో గిన్నె ఖాళీ అవుతుండగా తిమోన్ శాలువా వైపు ఒక్కసారి చూశాడు. ఆ తర్వాత తినడం కష్టమైంది, అయినా తిన్నాడు.

జెనోన్ మూతి తుడుచుకుని, కుర్చీ వెనక్కి జరిపి చేతులు కట్టుకున్నాడు.

"మాటలు తర్వాత అన్నాను ఆ రోజు. గుర్తుందా? నువ్వు తిని, మాట్లాడతావని కూర్చున్నాను. మూడేళ్ళయింది. ఇప్పుడు చెప్పు."

తిమోన్ నోరు తెరిచేలోపు ముందు గదిలో ఏదో జారిపడింది. కలీనా వెళ్ళి అతని కోటు పట్టుకొచ్చింది. దానికి అంటిన దుమ్ము దులిపింది.

"నాన్నా, నువ్వు ఆగు," అంది. "నిన్ను అడిగే ముందు ఆయన నన్ను అడగాలి. నేనింకా కోపంలోనే ఉన్నాను. ఎన్నాళ్ళుంటుందో నాకే తెలీదు."

బీరువా మీదున్న బామ్మ కుట్టుడబ్బాని కలీనా దించి, బల్ల మీద అతని ముందు పెట్టింది. మూత తీస్తే అడుగున నీలం నాడా ముక్క ఒకటి చుట్ట చుట్టి ఉంది. కలీనా పాత ఏప్రన్‌లో మిగిలిన ముక్క.

"నేను దాచలేదు," అంది కలీనా వెంటనే. "నానమ్మ దాచింది. మళ్ళీ తెగితే కావాలి కదా, ఆ అబ్బాయి వస్తాడు అనేది."

తిమోన్ ఆ ముక్కని అరచేతిలో పెట్టుకుని, చుట్ట విప్పి బొటనవేలితో సాపు చేశాడు. కిటికీ కింద ట్రామ్ ఒకటి మూలుగుతూ మలుపు తిరిగింది. కలీనా సూదీ దారం తీసి అతనివైపు జరిపింది.

"ఈసారి నేను కుట్టను. నువ్వే కుట్టుకో."

"నాకు రాదు కదా."

"తెలీకపోతే అడగాలి," అంది కలీనా.

తిమోన్ సూదిని వెలుతురుకి పట్టుకున్నాడు. దారాన్ని ఒకసారి తడిపి చూశాడు, ఎక్కలేదు. మళ్ళీ ప్రయత్నించాడు, ఎక్కలేదు. ఆ తర్వాత తల ఎత్తి ఆమెని చూశాడు.

"కలీనా, దారం ఎలా ఎక్కించాలి?" అని అడిగాడు.

ఆమె వచ్చి పక్కన కూర్చుంది.